ముప్పై నాలుగో ఇంటర్వ్యూ

బస్సుల ప్రాజెక్టులో నలభై ఒక్క ఇంటర్వ్యూలు ఆమె చేసింది. రిపోర్టు బైండింగు అయి వచ్చాక తెరిచి చూస్తే ఆ నలభై ఒకటీ మైకు పేరు మీద ఉన్నాయి.

మైకు వాళ్ళ జట్టు నాయకుడు. మైకు చేతికిస్తే వదలడు, ఇవ్వకపోయినా ఆగడు కాబట్టి క్లాసులో ఆ పేరు పెట్టారు. ఆమెను స్కేలు అనేవాళ్ళు. నోటు పుస్తకం ప్రతి పేజీలోనూ స్కేలుతో నాలుగు గడులు కొట్టుకునేది: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నారు. జట్టులో మూడోవాడు సరేలే. ఎవరేం చెప్పినా అతని జవాబు అదే.

కమ్యూనికేషన్ కోర్సులో రెండో ఏడాది నుంచి సగం పుస్తకం, సగం పని. ముగ్గురేసి జట్లు. ఏడాది అయ్యేదాకా జట్టు మారడానికి వీల్లేదు. స్కేలు తన చేతిరాత కాగితాలు పట్టుకుని లెక్చరర్ గదికి వెళ్ళింది.

"మేడం, ఈ ఇంటర్వ్యూలు నేను చేసినవి."

"జట్టు అన్నాక ఎవరు చేస్తే ఏమిటమ్మా?"

"అలాగైతే నా పేరు ఉన్నా ఏమీ అయ్యేది కాదు కదండీ."

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు. సమాచారం పోగెయ్యడం ఒక పని. దాన్ని పదిమంది ముందు నిలబడి చెప్పడం ఇంకో పని. అతను చెప్పాడు. నువ్వు చివరి బెంచీలో కూర్చున్నావు. నేను దేనికి మార్కులెయ్యాలి?"

ఆ ప్రాజెక్టుకు విభాగం పతకం వచ్చింది. అందుకుంటూ మైకు, ఆ నలభై ఒక్కమంది కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయాయని చెప్పాడు. సరేలే చప్పట్లు కొట్టాడు.

"నువ్వెందుకు కొట్టావురా? నీకు తెలుసు కదా," అంది స్కేలు.

"అందరూ కొడుతున్నారని."

స్కేలు వాళ్ళమ్మ యూనిఫారాలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఒక కుట్టు మిషను విషయంలో మాటా మాటా వచ్చి సొంత అక్కతో పదకొండేళ్ళుగా మాట్లాడటం లేదు. కూతురు చెప్పిందంతా కాలర్లు కత్తిరిస్తూ వింది.

"ఏడ్చావా?"

"లేదు."

"మంచిపని చేశావు. ఏడిస్తే కోపం కాస్తా కరిగిపోతుంది. దాచుకో."

దాచుకుంది.

రెండో ప్రాజెక్టు నీటి సరఫరా ఆఫీసులో వచ్చింది. పది వారాల ఇంటర్న్‌షిప్. నీళ్ళు రాకపోతే ఫోన్ చెయ్యమని ఆఫీసు ఒక హెల్ప్‌లైన్ పెట్టింది. జనం దానికి ఫోన్ చెయ్యడం మానేశారు. ఎందుకు మానేశారో ఇంటింటికీ వెళ్ళి కనుక్కోవాలి. మనిషికి ఇరవై ఇంటర్వ్యూలు. చివర్లో ఒక రిపోర్టు, ఒక ప్రజెంటేషన్. ముగ్గురిలో ఒకరిని ఆఫీసు ఏడాదిపాటు ఉద్యోగంలోకి తీసుకుంటుంది. ఆ ఒక్కరు ఎవరో ప్రజెంటేషన్ రోజే తేలుతుంది.

మొదటి వారం స్కేలును హెల్ప్‌లైన్ గదిలో కూర్చోబెట్టారు. నాలుగు సీట్లు, నాలుగు ఫోన్లు. రెండో సీటావిడ పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో ఉంది. స్కేలుకు ఒక హెడ్‌ఫోను ఇచ్చి పక్కన కూర్చోమంది. మధ్యాహ్నం తన డబ్బాలో సగం తీసి పెట్టింది. ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలో కాలేజీలో రెండు పేపర్లు చదివిన స్కేలుకు అసలు పద్ధతి ఆవిడే చెప్పింది.

"ప్రశ్న అడిగాక నోరు మూసుకోమ్మా. మనసులో అయిదు లెక్కపెట్టు. మూడుకల్లా అవతలివాళ్ళు మళ్ళీ మొదలెడతారు. అసలు సంగతి అప్పుడొస్తుంది."

పదకొండో ఇంట్లో అది పనిచేసింది. ఒక దర్జీ, హెల్ప్‌లైన్ బాగానే ఉందని చెప్పి ఊరుకున్నాడు. స్కేలు మూడు దాకా లెక్కపెట్టింది.

"బాగానే ఉంది కానీ అమ్మా, వాళ్ళు కనెక్షన్ నంబరు చెప్పమంటారు. నంబరు బిల్లు మీద ఉంటుంది. బిల్లు ఓనరు దగ్గరుంటుంది. ఓనరు ఇక్కడుండడు. నంబరు లేకపోతే ఫిర్యాదు ఎక్కించుకోరు. ఇంక ఎందుకు చెయ్యడం?"

ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ కనెక్షన్ నంబరు తెలుసా అని అడిగింది. ఆమె చేసిన ముప్పై మూడు ఇంటర్వ్యూల్లో ఇరవై రెండు అద్దె ఇళ్ళు. పంతొమ్మిది ఇళ్ళలో నంబరు తెలియదు. సరేలే ఇరవై చేశాడు. మైకు ఆరు చేసి, తనకు నాయకత్వం పని ఎక్కువైందని మిగతావి స్కేలుకు అప్పగించాడు.

"నీ కాగితాలన్నీ షేర్డ్ ఫోల్డర్లో పెట్టెయ్ స్కేలూ. నేను సాపు చేసుకుంటా," అన్నాడు.

బస్సుల ప్రాజెక్టులోనూ అతను సాపే చేశాడు. స్కేలు ఫోల్డర్ తెరిచి చూసింది. రిపోర్టు మొదటి ముసాయిదా అప్పటికే అందులో ఉంది. ఆమె ఇంటర్వ్యూల్లో పన్నెండింటి కింద అతని పేరు ఉంది.

ఆ మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో కూర్చుని ముప్పై నాలుగో కాగితం రాసింది.

ఎవరు: గడియారాలు బాగుచేసే ఆయన, అద్దెకుంటారు. ఎక్కడ: మూడో అడ్డవీధి, ముప్పై ఒకటో నంబరు ఇల్లు. ఎప్పుడు ఫోన్ చేశారు: పద్నాలుగో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. ఏమన్నారు: "మూడు రోజుల్నుంచి చుక్క నీళ్ళు లేవమ్మా అన్నాను. నీళ్ళు రాకపోతే ఇల్లు మారండి, అంది ఫోన్ ఎత్తినావిడ."

అలాంటి మనిషి లేడు. మూడో అడ్డవీధిలో ఆ వరస ఇరవై ఏడో నంబరుతో అయిపోతుంది, తర్వాత గిడ్డంగి గోడ. ఆ వీధిలో రెండుసార్లు తిరిగిన స్కేలుకు అది తెలుసు. తిరగనివాడికి తెలియదు. ప్రజెంటేషన్ రోజు అందరి ముందూ మైకును ఆ ఇంటి గురించి అడగాలి. అంతే ఆమె పథకం.

తేదీ, టైము వెయ్యకపోయినా ఆ పథకానికి లోటు లేదు. కానీ గడి ఖాళీగా వదిలెయ్యడం ఆమెకు చేతకాలేదు. అబద్ధాన్ని కూడా నాలుగు గడులూ నింపి రాసింది.

రెండు రోజుల తర్వాత క్యాంటీన్లో మైకు ఎదురొచ్చాడు.

"ఆ గడియారాలాయన భలే చెప్పాడే!"

"ఎవరు?"

"అదే, మన ముప్పై నాలుగు. ఇల్లు మారండి అందట. దీన్నే మొట్టమొదట పెడుతున్నా. గోడంత అక్షరాల్లో."

"పెట్టు. బాగుంటుంది."

"సరేలే," అన్నాడు సరేలే.

బస్సులో ఇంటికి వెళ్తూ స్కేలు కిటికీ అద్దంలో తన మొహం చూసుకుంది. నవ్వు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచింది.

ప్రజెంటేషన్ బుధవారం. దానికి ముందు సోమవారం స్కేలు హెల్ప్‌లైన్ గదికి వెళ్ళేసరికి రెండో సీటు ఖాళీగా ఉంది.

"రికార్డు రూములో ఉంది," అన్నాడు నాలుగో సీటాయన, తలెత్తకుండా.

రికార్డు రూము అదే అంతస్తులో చివర ఉంది. ఆవిడ నేల మీద కూర్చుని పాత బిల్లులు సంవత్సరాల వారీగా కట్టలు కడుతోంది. పక్కన మెమో.

"ఇక్కడున్నారేంటండీ?"

"ఎవరో నా మీద చెప్పారటమ్మా. మీ కుర్రాడు, ఆ మాటకారి, రిపోర్టు ముందుగానే పంపించాడంట పీఆర్వో గారికి. అందులో ఉందంట. నీళ్ళు రాకపోతే ఇల్లు మారమన్నానంట."

స్కేలు మెమో చదివింది. పద్నాలుగో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. రెండు నుంచి మూడు దాకా ఇద్దరు భోజనానికి వెళ్తారు, ఇద్దరు ఉంటారు. ఆ రోజు ఉన్నది రెండో సీటు, నాలుగో సీటు. నాలుగో సీటులో మగమనిషి. ఫోన్ రికార్డింగులు పదిహేను రోజులకు చెరిగిపోతాయి. కనెక్షన్ నంబరు లేని ఫిర్యాదు రిజిస్టరులో ఎక్కదు. ఆవిడ అనలేదని చూపించే కాగితం ఆఫీసులో ఎక్కడా లేదు.

"మీరు అన్నారా?"

"అనలేదు." ఆవిడ ఒక కట్టకు ముడి వేసింది. "అనలేదనే అనుకుంటున్నా. రోజుకి నూట పాతిక ఫోన్లమ్మా. ఆ మంగళవారమే మా అత్తగారిని ఆస్పత్రిలో చేర్పించి డ్యూటీకొచ్చా. తల పగిలిపోతోంది. అన్నానేమో. మెమో అందినప్పట్నుంచి అదే ఆలోచిస్తున్నా, అన్నట్టే గుర్తొస్తోంది. ఆయనెవరో చెప్తే వెళ్ళి చేతులు పట్టుకుంటానన్నా. అడ్రసు ఇవ్వరంట."

"ఏం చేస్తారట?"

"శుక్రవారం విచారణ. సీటు తీసేస్తే ఇంక రిటైరయ్యేదాకా ఈ బిల్లులే. పోనీలే, వీళ్ళు తిట్టరు." నవ్వబోయి ఊరుకుంది.

పీఆర్వో గది పై అంతస్తులో. మధ్యలో ఇరవై రెండు మెట్లు. స్కేలు మెట్ల దాకా వెళ్ళి ఆగింది. ఇప్పుడు చెబితే ఆ ఒక్క కాగితం తీసేస్తారు. మైకు బుధవారం ఇంకో కాగితంతో మాట్లాడతాడు, అదీ ఆమెదే అవుతుంది. రెండు రోజులు. శుక్రవారంలోపు ఎలాగూ తేలిపోతుంది. స్కేలు మెట్లు ఎక్కలేదు.

సాయంత్రం అమ్మకు చెప్పింది.

"ఎల్లుండి చెప్తే వాడు మునుగుతాడా?"

"మునుగుతాడు. నేనూ మునుగుతా. దొంగ కాగితం రాసింది నేనే కదా."

"ముందెవరు?"

"అమ్మా!"

"సరే సరే. ఆ ఫోన్లావిడ సంగతేంటి?"

"రెండు రోజులే కదా."

అమ్మ మిషను ఆపింది. కూతురి మొహంలోకి చూసి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

బుధవారం పదకొండు గంటలు. మీటింగు హాల్లో పద్నాలుగు కుర్చీలు. పీఆర్వో, హెల్ప్‌లైన్ సూపర్‌వైజరు, ముగ్గురు ఇంజినీర్లు, మేడం. జట్టు కిటికీ వైపు కూర్చుంది. మైకు లేచి మొదటి స్లైడు వేశాడు. 'నీళ్ళు రాకపోతే ఇల్లు మారండి.' గోడంత అక్షరాలు. చదివి, మూడు సెకన్లు ఆగాడు.

పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు. పన్నెండో నిమిషంలో అద్దె ఇళ్ళ సంగతి, నంబరు సంగతి వచ్చింది. ఒక ఇంజినీరు పక్కాయనతో, "ఇది నిజమేనయ్యా, ఇంటి నంబరుతో ఎక్కించుకుంటే సరిపోతుంది," అని డైరీలో రాసుకున్నాడు.

"జట్టులోవాళ్ళు ఏమైనా కలుపుతారా?" అంది మేడం.

స్కేలు లేచింది. "ముప్పై నాలుగో ఇంటర్వ్యూ ఎవరు చేశారు?"

మైకు నవ్వాడు. "రిపోర్టులో ఉందిగా. నేనే."

"ఎక్కడ?"

"ఆయన ఇంట్లోనే. వరండాలో కూర్చున్నాం."

స్కేలు మాట్లాడలేదు. ఒకటి, రెండు, మూడు.

"చిన్న వరండా సార్," అని మైకు పీఆర్వో వైపు తిరిగాడు. "గోడనిండా గడియారాలు. ఒక్కోటి ఒక్కో టైం చూపిస్తోంది."

ఎవరో నవ్వారు. మైకుకు ఊపొచ్చింది. స్కేలు మళ్ళీ లెక్కపెట్టింది.

"చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు సార్. ఆడమనిషి నోట అంత మాట వస్తుందనుకోలేదు బాబూ, అన్నారు."

సూపర్‌వైజరు శుక్రవారం విచారణ ఫైలు తెరిచి అది రాసుకుంది. ఇక్కడితో ఆపొచ్చు. స్కేలు ఇంకో మూడు లెక్కపెట్టింది.

"ఫోన్ పెట్టేస్తూ ఆవిడ నవ్విందంట కూడా," అన్నాడు మైకు.

సూపర్‌వైజరు అదీ రాసుకుంది.

"మూడో అడ్డవీధిలో ముప్పై ఒకటో నంబరు ఇల్లు లేదు," అంది స్కేలు. "ఇరవై ఏడుతో అయిపోతుంది. గడియారాలాయనా లేడు. ఆ కాగితం నేను కల్పించి రాశాను. ఇతను నా కాగితాలు ఎత్తుకుని తన పేరు వేసుకుంటాడని తెలిసి రాశాను. హెల్ప్‌లైన్లో ఎవరూ ఆ మాట అనలేదు."

పీఆర్వో రిపోర్టులో ఆ పేజీ తెరిచాడు.

"జోక్ చేస్తోంది సార్," అన్నాడు మైకు.

"ఆగవయ్యా," అన్నాడు డైరీ ఇంజినీరు. "ఆ వీధి నా సెక్షనే. ఇరవై ఏడు తర్వాత గిడ్డంగి గోడే. మా పైపు దాని కిందనుంచే పోతుంది. నువ్వు కూర్చున్న వరండా ఎక్కడుంది?"

మైకు స్లైడు వైపు చూశాడు. తర్వాత మేడం వైపు చూశాడు. మేడం కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

పీఆర్వో మూడోవాడిని అడిగాడు. "నీకు తెలుసా ఇదంతా?"

"దొంగ కాగితం సంగతి తెలీదు సార్. మిగతా ముప్పై మూడూ ఈమె చేసిందని తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు సార్."

పీఆర్వో రిపోర్టు మూసి స్కేలు వైపు చూశాడు. "మిగతా యాభై తొమ్మిది?"

"నిజమేనండి."

"ఎవరు చెప్తున్నారు?"

"నేను."

డైరీ ఇంజినీరు పెన్ను తీసి, పన్నెండో నిమిషంలో రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాడు. స్కేలు అది చూసింది. ఇది ఆమె లెక్కలో లేదు.

ఇద్దరి ఇంటర్న్‌షిప్పూ అక్కడికక్కడే రద్దయింది. ప్రాజెక్టులో ఇద్దరికీ సున్నా. ఉద్యోగం సరేలేకు ఇస్తామన్నారు. అతను ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

మెట్ల దగ్గర మైకు ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు. మెడ దాకా చెమట పట్టింది.

"నన్ను తొయ్యడానికి నువ్వు కూడా దూకావా? పిచ్చిదానివా నువ్వు?"

"వరండాలో గడియారాలు ఎన్నున్నాయి?" అంది స్కేలు.

మైకు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆమె అయిదు లెక్కపెట్టింది. చాల్లేదు, ఇంకో అయిదు లెక్కపెట్టింది. రెండేళ్ళలో అతని నుంచి ఆమె విన్నవాటిలో బాగున్నది ఆ మౌనమే. అతన్ని దాటుకుని కిందికి దిగింది.

హెల్ప్‌లైన్ గదిలో రెండో సీటావిడ తిరిగి వచ్చి కూర్చుంది. మెమో వెనక్కి తీసుకున్నారు. బల్ల మీద ఒక తెల్ల కాగితం, పెన్ను ఉన్నాయి. సూపర్‌వైజరు జరిగిందంతా ఆవిడకు చెప్పింది. ఆవిడ కాలేజీకి ఫిర్యాదు రాసిస్తే స్కేలు విషయం క్రమశిక్షణ కమిటీకి వెళ్తుంది, చదువులో ఏడాది పోతుంది. రాయకపోతే సున్నా మార్కులతో పోతుంది. ఇష్టం ఆవిడది.

స్కేలు గుమ్మంలో నిలబడింది. "క్షమించండి. మీకు తగులుతుందని అనుకోలేదు."

"కూర్చో," అంది ఆవిడ. అమ్మా అనలేదు. "నువ్వు చెప్పు, నేను రాస్తా. నీకు బాగా వచ్చు కదా రాయించడం."

స్కేలు కూర్చుంది. కాగితం ఎక్కడ రాసిందో, ఏ రోజు రాసిందో చెప్పింది. ఆవిడ ఆగి ఆగి, మాట పోకుండా రాసుకుంది.

"నేను రికార్డు రూములో ఉన్నానని నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం పొద్దున. పదింపావుకి."

"చెప్పిందెప్పుడు?"

"బుధవారం. పదకొండున్నర అయింది."

ఆవిడ రెండూ రాసింది. కింద గీత గీసింది.

"రెండు రోజులు నేలమీద కూర్చుని, అన్నానేమో అన్నానేమో అని నన్ను నేనే తిట్టుకున్నా. నువ్వు నా ఎదురుగా నిలబడి, మీరు అన్నారా అని అడిగావు."

ఆవిడ పెన్ను ఆపి ఆమెనే చూస్తూ కూర్చుంది. స్కేలే ముందు మాట్లాడింది.

"చెబితే అతను తప్పించుకుంటాడని ఆగాను."

"అంటే కోపం అతని మీదే. నా మీద ఏమీ లేదు."

"లేదండి. అస్సలు లేదు."

"ఆ ముక్క రాయను," అంది ఆవిడ. "అది రాస్తే నీకు పనికొస్తుంది."

సంతకం పెట్టింది. తేదీ వేసింది. ఫోన్ మోగింది. హెడ్‌ఫోను సర్దుకుంటూ కాగితం మడిచి స్కేలు చేతికిచ్చి, పై అంతస్తులో పీఆర్వో గది వైపు వేలు చూపించింది.

"నమస్కారం, హెల్ప్‌లైన్," అంది అవతలివాళ్ళతో. "చెప్పండి. మీ కనెక్షన్ నంబరు?"

స్కేలు కాగితం పట్టుకుని మెట్ల దాకా వెళ్ళింది. ఈసారి ఇరవై రెండూ ఎక్కింది.